తెర మీద మనస్తత్వశాస్త్రం: సూరత్ విద్యార్థికి ఎలాంటి బోధన మేలు?

గుజరాత్‌లోని సూరత్ నగరం వజ్రాల సానకు, వస్త్ర పరిశ్రమకు పేరుపొందింది. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి నేత పని కోసం వెళ్లిన కుటుంబాలు అక్కడ కొన్ని తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. అయితే పాఠశాల దాటి కళాశాలకు వెళ్లే తెలుగు పిల్లలకు గుజరాతీ, హిందీ లేదా ఇంగ్లిష్ మాధ్యమమే దిక్కు. పగలు ఉద్యోగం చేస్తూ రాత్రి ఫోన్‌లో చదువుకునేవారికి ఆన్‌లైన్ పాఠాలు అందివచ్చిన అవకాశం. 2017లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదికలో మనస్తత్వశాస్త్ర కోర్సులు కూడా ఉన్నాయి.

కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాఠం చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. రెండు రోజుల తర్వాత ఎవరైనా అడిగితే నోట మాట రాదు. ఇలాంటప్పుడు విద్యార్థి తన తెలివిని తక్కువగా అంచనా వేసుకుంటాడు. కుటుంబంలో మొదటిసారిగా కళాశాల మెట్లు ఎక్కినవారైతే చదువే మానేసే ప్రమాదం ఉంది. నిజానికి లోపం చాలాసార్లు తెలివిలో ఉండదు, పాఠం చెప్పిన తీరులోనూ చదివిన తీరులోనూ ఉంటుంది. ఈ సంగతిని పరిశోధించి చెప్పిందీ మనస్తత్వశాస్త్రమే. కాబట్టి ఆ శాస్త్రాన్ని ఆన్‌లైన్‌లో బోధించే అధ్యాపకులు ముందుగా దాని ఫలితాలను తమ పాఠానికే అన్వయించుకోవాలి.

చూడటం వేరు, గుర్తుకు తెచ్చుకోవడం వేరు

జ్ఞాపకశక్తిని ప్రయోగాలతో కొలిచిన తొలి శాస్త్రవేత్త జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. అర్థంలేని అక్షరాల వరుసలను ఆయన తానే కంఠస్థం చేసి, కొంత విరామం తర్వాత వాటిని మళ్లీ నేర్చుకోవడానికి ఎంత సమయం పడుతోందో లెక్కగట్టారు. ఆ ఫలితాలను 1885లో ప్రచురించారు. ఒక రోజు గడిచాక తిరిగి నేర్చుకుంటే, మొదటిసారి పట్టిన సమయంలో ఆదా అయింది సుమారు మూడోవంతు మాత్రమే. మరుపు మొదటి గంటల్లో వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా సాగుతుందని ఆ ప్రయోగాలు చూపాయి.

మరి మరుపును తగ్గించేదేమిటి? మళ్లీ మళ్లీ చదవడమే మార్గమని చాలామంది నమ్మకం. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె ఈ నమ్మకాన్ని పరీక్షించారు. 2006లో వెలువడిన వారి ప్రయోగంలో విద్యార్థులు ఒక చిన్న పాఠ్యభాగం చదివారు. తర్వాత కొందరు దాన్నే మరోసారి చదివారు. మరికొందరు పుస్తకం చూడకుండా గుర్తున్నంతవరకు రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవారు 81 శాతం, ఒకసారి చదివి రాసినవారు 75 శాతం గుర్తుచేసుకున్నారు. వారం తర్వాత లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినవారికి 42 శాతమే గుర్తుంది, చదివి రాసినవారికి 56 శాతం గుర్తుంది.

ఆ పరిశోధనలోని మరో ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. పదేపదే చదివినవారే తమకు ఎక్కువ గుర్తుంటుందని ధీమాగా చెప్పారు. తీరా వారం తర్వాత వారికే తక్కువ గుర్తుంది. కంటికి పరిచయమైన విషయాన్ని మనసు 'వచ్చేసింది' అని పొరబడుతుంది. వీడియో పాఠాల్లో ఈ భ్రమకు అవకాశం ఇంకా ఎక్కువ. చక్కగా మాట్లాడే అధ్యాపకుడు, రంగుల బొమ్మలు, వెనక్కి జరిపి మళ్లీ చూసుకునే వీలు, ఇవన్నీ కలిసి పాఠం వచ్చేసిందన్న భావన కలిగిస్తాయి.

సూరత్‌లోని నేత కార్మిక కుటుంబాలకు ఈ తేడా కొత్తది కాదు. సాంచా నడపడం పక్కన నిలబడి చూస్తే రాదు. పోగు తెగినప్పుడు తన చేతితో అతికి, తప్పు చేసి, పెద్దవారు దిద్దాక మళ్లీ అతికితేనే వస్తుంది. చదువులో పోగు అతకడం లాంటి పని, చూడకుండా గుర్తుకు తెచ్చుకోవడమే.

తెర ముందు కూర్చున్న మనసు

తరగతి గదిలో అధ్యాపకుడి చూపు విద్యార్థిని కొంతవరకు కట్టిపడేస్తుంది. ఫోన్ ముందు ఆ కట్టుబాటు ఉండదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ ష్పునార్, నోవల్ ఖాన్, డేనియల్ షాక్టర్ 2013లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ సమస్య గురించే. గణాంక శాస్త్రంపై 21 నిమిషాల వీడియో పాఠాన్ని వారు నాలుగు ముక్కలు చేశారు. ఒక బృందానికి ప్రతి ముక్క తర్వాత చిన్న పరీక్ష పెట్టారు, మిగతావారికి పెట్టలేదు. పాఠం మధ్యలో ఆపి 'ఇప్పుడు మీ మనసు పాఠం మీదే ఉందా?' అని అడిగినప్పుడు, పరీక్షలు లేనివారు సుమారు 40 శాతం సార్లు లేదని ఒప్పుకున్నారు. పరీక్షలు ఉన్నవారిలో ఇది సగానికి తగ్గింది. వారు నోట్సు ఎక్కువ రాసుకున్నారు. చివరి పరీక్షలో మెరుగ్గా రాశారు. పరీక్షంటే వారిలో ఆందోళన కూడా తక్కువగానే కనిపించింది.

ఇక్కడ పరీక్ష అంటే మార్కులు వేసి వడపోసే సాధనం కాదు. నేర్చుకున్నదాన్ని మనసులో పాతుకునేలా చేసే సాధనం. ఆన్‌లైన్ బోధనకు ఇది మొదటి సూత్రం.

ఇద్దరు అధ్యాపకుల అనుభవం

ఈ సూత్రాన్ని పెద్ద ఎత్తున అమలుచేసినవారిలో టెక్సాస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్ ప్రాంగణానికి చెందిన జేమ్స్ పెన్నిబేకర్, శామ్యూల్ గోస్లింగ్ ప్రముఖులు. ఇద్దరూ మనస్తత్వ శాస్త్రవేత్తలే. మనసులోని బాధను రోజుకు కొన్ని నిమిషాల చొప్పున కాగితం మీద పెడితే ఆరోగ్యం మీద ఎలాంటి ప్రభావం ఉంటుందనే ప్రశ్నపై పెన్నిబేకర్ 1980ల నుంచి పరిశోధన చేశారు. మనిషి వాడే చిన్నచిన్న సర్వనామాలు అతని మానసిక స్థితిని ఎలా పట్టిస్తాయో కూడా ఆయన పరిశీలించారు. గోస్లింగ్‌ది మరో దారి. ఒకరి పడకగదిని, పని బల్లను చూసి ఆ మనిషి స్వభావాన్ని ఎంతవరకు సరిగ్గా ఊహించవచ్చో పరీక్షించారు. జంతువులకూ వ్యక్తిత్వం ఉంటుందా అన్న ప్రశ్నతో మచ్చల హైనాలను అధ్యయనం చేశారు.

ఇద్దరి పరిశోధనలోనూ ఉన్న ఉమ్మడి లక్షణం, మామూలు రోజువారీ విషయాల్లోంచి కొలవదగిన ఆధారం వెతకడం. తమ తరగతి విషయంలోనూ వారు అదే చేశారు. మనస్తత్వశాస్త్ర పరిచయ కోర్సులో పెద్ద పరీక్షలకు బదులు ప్రతి తరగతిలో కంప్యూటర్ మీద చిన్న పరీక్ష పెట్టారు. జవాబు తప్పో ఒప్పో వెంటనే తెలిసేది. గతంలో తప్పు చేసిన ప్రశ్న ఆ విద్యార్థికి మళ్లీ ఎదురయ్యేది. 901 మంది విద్యార్థుల ఫలితాలను, అదే కోర్సును అదే అధ్యాపకుల దగ్గర పాత పద్ధతిలో చదివిన 935 మంది ఫలితాలతో పోల్చారు. ఈ అధ్యయనం 2013లో వెలువడింది.

రోజూ పరీక్ష రాసినవారు అవే ప్రశ్నల్లో సుమారు అర గ్రేడు మెరుగ్గా నిలిచారు. ఇతర కోర్సుల్లో కూడా వారి ఫలితాలు బాగుపడ్డాయి. అన్నిటికన్నా ముఖ్యం, తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులకూ పై వర్గాల వారికీ మధ్య ఉన్న గ్రేడ్ల అంతరం సగానికి తగ్గింది. ఎలా చదవాలో ఇంట్లో చెప్పేవారు లేని పిల్లలకు, రోజువారీ పరీక్షే చదివే అలవాటు నేర్పిందని దీన్ని అర్థం చేసుకోవచ్చు. అదే ఏడాది వారు ఈ కోర్సును స్టూడియో నుంచి ప్రత్యక్ష ప్రసారంగా పూర్తిగా ఆన్‌లైన్‌లోకి తెచ్చారు.

ఈ ఫలితాలకు పరిమితులున్నాయి. విద్యార్థులను చీట్లు తీసి రెండు గుంపులుగా విడగొట్టలేదు. వేర్వేరు సెమిస్టర్ల విద్యార్థులను పోల్చారు. పైగా వారంతా అమెరికా విశ్వవిద్యాలయ విద్యార్థులు. సూరత్‌లో ఇదే స్థాయిలో ఫలితం వస్తుందని ముందే చెప్పలేం. అయినా ప్రయోగశాలలో కనిపించిన విషయమే తరగతిలోనూ కనిపించడం వల్ల ఆ పద్ధతిపై నమ్మకం పెరుగుతుంది.

ఉదాహరణలు ఎవరివి?

రెండో సూత్రం పాఠంలోని ఉదాహరణలకు సంబంధించింది. జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైన్, ఆరా నొరెన్‌జయాన్ 2010లో రాసిన ఒక వ్యాసం మనస్తత్వశాస్త్ర రంగంలో పెద్ద చర్చ లేపింది. పాశ్చాత్య, సంపన్న, విద్యావంత సమాజాల మనుషులపై చేసిన పరిశోధనలను మానవజాతి అంతటికీ వర్తింపజేస్తున్నారని వారు ఎత్తిచూపారు. పాఠ్యపుస్తకాల్లోని ఉదాహరణలు కూడా ఎక్కువగా అక్కడివే. వాటిని యథాతథంగా వల్లిస్తే, సూరత్ విద్యార్థికి ఈ శాస్త్రం ఎవరి గురించో చెబుతున్నట్టు అనిపిస్తుంది.

విశేషమేమిటంటే, మనస్తత్వశాస్త్రంలోని ఒక ప్రసిద్ధ సిద్ధాంతానికి బీజం మన దేశంలోనే పడింది. 1934 జనవరి 15న బిహార్, నేపాల్ ప్రాంతాలను భారీ భూకంపం కుదిపేసింది. ఆ రోజుల్లో వ్యాపించిన వదంతులను జమునా ప్రసాద్ సేకరించి, 1935లో పరిశోధన పత్రంగా ప్రచురించారు. భూమి కంపించినా నష్టం జరగని చోట్ల కూడా మరింత పెద్ద భూకంపం వస్తుందని, నేపాల్ వైపు నుంచి వరద ముంచుకొస్తోందని పుకార్లు పుట్టాయి. మరోవైపు, కొండచరియలు విరిగిపడి నిజంగా నష్టపోయిన డార్జిలింగ్‌లో దుర్గానంద్ సిన్హా సేకరించిన వదంతులను 1952లో ప్రచురించారు. అక్కడ రాబోయే ముప్పును చెప్పే పుకార్లు కనిపించలేదు.

ఈ రెండు అధ్యయనాలూ అమెరికన్ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్‌ను ఆలోచనలో పడేశాయి. భయపడినవారు ధైర్యం చెప్పే మాటలు పుట్టించుకోవాలి గదా, భయాన్ని పెంచే మాటలెందుకు? ఆయన చెప్పిన వివరణ ఇది: కంపనం వల్ల భయం పుట్టింది, కానీ చుట్టూ చూస్తే భయపడాల్సిందేమీ లేదు. 'భయంగా ఉంది', 'భయానికి కారణం లేదు' అనే రెండూ మనసులో పొసగవు. ఏదో పెద్ద ముప్పు రాబోతోందన్న పుకారు ఆ భయానికి కారణం సమకూర్చి పెడుతుంది. డార్జిలింగ్ వారికి భయానికి కారణం కళ్లెదుటే ఉంది, కొత్తగా వెతుక్కోనక్కరలేదు. 1957లో ఫెస్టింగర్ ప్రతిపాదించిన 'కాగ్నిటివ్ డిసొనెన్స్' సిద్ధాంతానికి ఇది మొదటి మెట్టు. తెలుగులో దీన్ని 'మనసులో పొసగనితనం' అని సులువుగా చెప్పుకోవచ్చు.

ఈ సిద్ధాంతాన్ని సూరత్‌లో బోధిస్తుంటే 1994 సెప్టెంబరును తలచుకోకుండా ఉండలేం. నగరంలో ప్లేగు వార్త గుప్పుమనగానే కొద్ది రోజుల్లో లక్షల మంది ఊరు విడిచారు. రైళ్లు, బస్సులు కిక్కిరిశాయి. టెట్రాసైక్లిన్ మందు కోసం జనం దుకాణాల మీద పడ్డారు. నీళ్లలో విషం కలిపారన్న పుకారు కూడా నడిచింది. దేశం మొత్తంమీద అధికారికంగా నమోదైన మరణాలు వందలోపే. సూరత్‌లో ముప్పు నిజంగానే ఉంది, కానీ అది కంటికి కనిపించేది కాదు. అలాంటప్పుడు అక్కడి పుకార్లు బిహార్ తరహావా, డార్జిలింగ్ తరహావా? దీనికి పుస్తకంలో సిద్ధంగా ఉన్న జవాబు లేదు. ఆ రోజులు చూసిన పెద్దలు సూరత్‌లోని తెలుగు ఇళ్లలో ఇంకా ఉన్నారు. విద్యార్థి వారిని అడిగి వచ్చి సిద్ధాంతాన్ని పరీక్షించవచ్చు. అయితే ముప్పై ఏళ్ల నాటి జ్ఞాపకాలు కాలంతోపాటు మారతాయన్న హెచ్చరిక కూడా ఆ పాఠంలో భాగమే కావాలి.

ఇంటి భాష, పుస్తకం భాష

సూరత్‌లోని తెలుగు విద్యార్థి ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, పనిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లిష్ చూస్తాడు. దీన్ని లోపంగా భావించడం పరిపాటి. అయితే బహుభాషలపై చెప్పుకోదగ్గ పరిశోధన ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించింది. ఒకే భాష తెలిసినవారి కన్నా రెండు లేదా ఎక్కువ భాషలు తెలిసినవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో ప్రచురించింది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇది సంబంధాన్ని చూపే అధ్యయనమే తప్ప, భాషలు వ్యాధిని ఆపుతాయని నిరూపించేది కాదు. ఇతర దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ ఏకాభిప్రాయంతోనూ లేవు. అయినా తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన జీవితం పరిశోధనకు విలువైన వనరని అది చూపింది.

బోధనలో దీనికి సులువైన ఉపయోగం ఉంది. పరిభాషను ఇంగ్లిష్‌లో నేర్చుకున్నా, భావాన్ని ఇంటి భాషలో చెప్పించాలి. 'పొసగనితనం అంటే ఏమిటో అమ్మకు రెండు వాక్యాల్లో చెప్పి రా' అంటే, బట్టీ పట్టినవారు అక్కడే ఆగిపోతారు. అర్థమైనవారు ఇంట్లోంచే ఒక ఉదాహరణ తీసుకొస్తారు.

అరగంట పాఠం: ఒక నమూనా

పై సూత్రాలన్నీ కలిస్తే ఒక ఆన్‌లైన్ పాఠం ఇలా సాగవచ్చు.

1. మొదటి 5 నిమిషాలు: గత వారం పాఠం నుంచి మూడు ప్రశ్నలు. నోట్సు చూడకూడదు. జవాబులు వెంటనే చెప్పాలి. మార్కుల బెదిరింపు ఉండకూడదు.

2. తర్వాతి 3 నిమిషాలు: ముందే ఊహించే ప్రశ్న. విసుగు పుట్టించే పనిని గంటసేపు చేయించి, 'చాలా బాగుంది' అని తర్వాతి వ్యక్తితో అబద్ధం చెప్పమన్నారు. అందుకు కొందరికి 1 డాలరు, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. చివరికి ఆ పని నిజంగానే బాగుందని ఎవరు ఎక్కువగా అన్నారు? ప్రతి ఒక్కరూ జవాబు రాసి పంపాలి.

3. తర్వాతి 7 నిమిషాలు: వివరణ. ఫెస్టింగర్, జేమ్స్ కార్ల్‌స్మిత్ 1959లో ప్రచురించిన ప్రయోగమిది. 1 డాలరు తీసుకున్నవారే పని బాగుందన్నారు. 20 డాలర్లు అబద్ధానికి తగిన కారణం. 1 డాలరు కారణం కాదు. అందుకే వారి మనసు తన అభిప్రాయాన్నే మార్చుకుని సర్దుకుంది.

4. తర్వాతి 5 నిమిషాలు: వీడియో ఆపి, విన్నది సొంత మాటల్లో రాయడం.

5. చివరి 10 నిమిషాలు: 1994 సూరత్ పుకార్లపై చర్చ. సిద్ధాంతం ఎక్కడ సరిపోయింది, ఎక్కడ సరిపోలేదు?

రెండు రోజుల తర్వాత రెండు ప్రశ్నలు, వారం తర్వాత మరో రెండు ఫోన్‌కు పంపాలి. ఒకేసారి చదివేయడం కన్నా వ్యవధి ఇచ్చి చదవడం ఎక్కువకాలం నిలుస్తుందని ఎబ్బింగ్‌హాస్ కాలం నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. డేటా తక్కువగా ఉన్నవారికి వీడియో బదులు ఆడియో, రాతప్రతి అందుబాటులో ఉంచితే మేలు. ప్రశ్నలు మాత్రం అందరికీ చేరాలి. ఎందుకంటే ఇక్కడ అసలు పాఠం అవే.

ఈ శాస్త్రం బోధించేటప్పుడు దాటకూడని గీతలు

మనస్తత్వశాస్త్రం మిగతా పాఠాల లాంటిది కాదు. కుంగుబాటు, ఆందోళన గురించి చెబుతుంటే వినేవారిలో ఎవరికో అది సొంత కథే కావచ్చు. తెర అవతల ఉన్న ముఖంలో మార్పు అధ్యాపకుడికి కనిపించకపోవచ్చు. అందుకే అలాంటి పాఠానికి ముందు విషయం ఏమిటో చెప్పాలి. సొంత అనుభవాలు అందరి ముందు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. పాఠం చెప్పేవారు చికిత్స చేసేవారు కారన్న తేడా స్పష్టంగా ఉండాలి. సాయం అవసరమైనవారికి కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుబాటులో ఉంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మరో గీత విద్యార్థుల సమాచారానికి సంబంధించింది. ఎవరు ఏ ప్రశ్న తప్పు చేశారో, ఎంతసేపు పాఠం చూశారో ఆన్‌లైన్ తరగతిలో నమోదవుతుంది. పాఠాన్ని మెరుగుపరచడానికి దాన్ని వాడటం ఒక విషయం, పరిశోధనగా ప్రచురించడం మరో విషయం. రెండోదానికి విద్యార్థుల సమ్మతి, నైతిక సంఘం ఆమోదం తప్పనిసరి. కాదన్నవారికి మార్కుల్లో నష్టం జరగకూడదు.

మంచి వీడియోలు ఇప్పుడు కొరత కాదు. విద్యార్థిని ఆపి అడిగేవారు, అతని ఊరి అనుభవాన్ని శాస్త్రంతో ముడిపెట్టేవారు కావాలి. అడిగిన ప్రతిసారీ కొంత గుర్తుకు వస్తుంది, కొంత రాదు. రానిదాన్ని వెంటనే దిద్దుకుంటే, రెండు రోజుల తర్వాత నోట మాట రాని పరిస్థితి తగ్గుతుంది. మొదటి తరం విద్యార్థికి అది 'నాకు చదువు రాదు' అనే మాటకు, 'నేను ఇంకా సాధన చేయాలి' అనే మాటకు మధ్య ఉన్న తేడా.

పైకి చూడకుండా జవాబు చెప్పండి

1. వారం తర్వాత ఎవరికి ఎక్కువ గుర్తుంది: రెండుసార్లు చదివినవారికా, ఒకసారి చదివి రాసినవారికా? అయిదు నిమిషాల తర్వాత ఎవరికి?

2. టెక్సాస్ అధ్యయనానికి ఉన్న ఒక పరిమితి ఏమిటి?

3. నష్టం జరగని చోట ముప్పును పెంచి చెప్పే పుకార్లు ఎందుకు పుట్టాయని ఫెస్టింగర్ వివరించారు? మీ ఊళ్లో విన్న ఒక పుకారుకు ఆ వివరణ సరిపోతుందా?